మడమ గుంటలో నీళ్లు

చేను పక్క ఇల్లు,
ముసురు పట్టిన పొద్దున.

అక్కకి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, నీ పిల్లి, వంటింట్లో పైకప్పు కారే చోట పెట్టిన బకెట్టు. ఫోన్లు వద్దన్నావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నువ్వన్నదీ నిజమేలే. ఫోనులో మనిద్దరం రెండో మాటకి పోట్లాడుకుని మూడో మాటకి పెట్టేస్తాం. ఉత్తరంలో అయితే ఎదుటివాళ్లు పూర్తిగా వాగేదాకా ఓపిక పట్టక తప్పదు.

నువ్వు ట్రాలీ మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుని ఆసుపత్రిలో చేరి, ఈ చలికాలం ఒక్కటీ చేను చూసిపెట్టవే అన్నప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? గోధుమ విత్తనం అక్క చల్లేసింది, మొలవడం దాని పని, నేను కుట్టుమిషను ముందు కూర్చునే బదులు కిటికీ ముందు కూర్చుంటాను, అంతే తేడా అనుకున్నాను. అలా అనుకునే షాపుకి తాళం వేసి వచ్చాను. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే చేను కనిపించడం లేదు. నీళ్లు కనిపిస్తున్నాయి, వాటి మధ్య అక్కడక్కడా గోధుమ తల పైకెత్తి చూస్తోంది.

అసలు సంగతి ఏమిటంటే పైరు పసుపు తిరిగింది. కింది ఆకులు మరీ. పక్క చేను పెద్దాయన ముసురుకి ముందే యూరియా చల్లేశాడు, ఆయన పైరు నల్లగా నిగనిగలాడుతోంది. రోజూ పొద్దున్నే గొడుగేసుకుని గట్టు మీదికి వచ్చి మన చేను వంక చూసి నిట్టూరుస్తాడు. నీ పైరుకి ఆకలేస్తోందమ్మా అన్నాడు నిన్న. ఆయనకి నా మీద ఇంత జాలి ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు.

యూరియా బస్తాలు కొట్టంలో పొడిగానే ఉన్నాయి. ఎప్పుడు చల్లాలో ఒక్క మాటలో చెప్పు. ఉపన్యాసం వద్దు.

ఇంకోటి. నాన్న బురదలోకి వేసుకునే గంబూట్లు ఏవి? తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. బజారుకెళ్లి కొత్తవి కొన్నాను. నా కాలికి సరిపోయేవి ఒక్క జతే ఉన్నాయి, వాటి మీద పూలున్నాయి. పెద్దాయన వాటిని చూసి ఇంకో నిట్టూర్పు విడిచాడు.

నీ చెల్లి.

*

రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.

చెల్లికి,

ఒక్క మాటలో చెప్పమన్నావు. ఆగు.

ఇక్కడితో సంతకం పెట్టేసేదాన్నే. కానీ నువ్వు ఒక్క మాటతో ఆగే మనిషివైతే నాకీ జుట్టు ఇంత తొందరగా నెరిసేది కాదు. అందుకని ఉపన్యాసం తప్పదు, కూర్చో.

అది ఆకలి కాదు, ఊపిరాడకపోవడం. వేళ్లు నీళ్లలో మునిగి ఉన్నాయి. మునిగిపోతున్న మనిషిని ఒడ్డుకి లాగకుండా నోట్లో ముద్ద పెడతావా? ఇప్పుడు చల్లితే సగం కాలవలో కలుస్తుంది, సగం గాలిలో కలుస్తుంది, పైరుకి దక్కేది నీ మంచి ఉద్దేశం. ముందు పార పట్టి దిగువ గట్టున ఉన్న మురుగు కాలవ పూడిక తియ్యి. అలాగని చలికాలం పోయేదాకా మొద్దు నిద్రా పోకు. కాడ లేచి కణుపు కట్టే వేళకి తిండి అందకపోతే పిలకలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, తర్వాత ఎంత పోసినా వెన్నులు రావు.

మరి ఎప్పుడంటావు. నాన్న మడమ పరీక్ష గుర్తుందా? చేను నడిమధ్యకి వెళ్లి, ఒంటి కాలి మడమ మీద బరువంతా వేసి, ఒక చుట్టు తిరిగి, పక్కకి జరిగి చూడు. గుంటలో నీళ్లు ఊరితే ఇంటికొచ్చి టీ తాగు. ఊరకపోతే బస్తాలు ఎక్కించు. నాన్న జన్మలో ఒక్క ఏడాది కూడా తప్పలేదు, నేనూ తప్పలేదు.

పెద్దాయన పైరు మీద అసూయ పడకు. ఆ నిగనిగ ఎన్నాళ్లో చూద్దాం.

నా కాలు బ్రహ్మాండంగా ఉంది. వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి నడిస్తే వ్యాయామం చేయించే అమ్మాయి చప్పట్లు కొడుతోంది. ఇన్నేళ్లు చేను దున్నాను, ఒక్కరూ కొట్టిన పాపాన పోలేదు.

గంబూట్ల సంగతి నాకేం తెలుసు. పిల్లిని అడుగు.

అక్క.

*

చేను పక్క ఇల్లు,
తెరిపిచ్చిన మధ్యాహ్నం.

అక్కకి,

నీ ఉపన్యాసం అందింది. కాలవ పూడిక తీశాను. నడుము పడిపోయింది, నీళ్లు మాత్రం కదిలాయి.

వాన ఆగి చేను తేలగానే నాన్న పరీక్ష చేశాను. నడిమధ్యకి వెళ్లి, పూల బూటు మడమ మీద బొంగరంలా తిరిగాను. పక్కకి జరిగి చూశాను. చుక్క నీరు లేదు. అసలు గుంటే సరిగ్గా పడలేదు. నమ్మకం కుదరక ఇంకో రెండు చోట్ల తిరిగాను, అక్కడా అంతే. నాన్న లెక్క ప్రకారం మనం పాసయ్యాం. కాబట్టి ఇక్కడ అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి, నువ్వు బెంగ పెట్టుకోకుండా చప్పట్లు కొట్టించుకో.

ఊరికే తెలుసుకుందామని ఒకటి అడుగుతున్నాను. షాపుకి వచ్చే ఒకావిడ అడిగింది, ఆవిడకి వ్యవసాయం మీద ఆసక్తి. ఎరువు చల్లే మిషను తగిలించిన ట్రాక్టరు ఒకటి, అనుకో, మలుపు తిరిగే చోట ఇరుసు దాకా దిగబడిందనుకో. అప్పుడు ముందుకి లాగాలా వెనక్కి లాగాలా? చక్రాల కింద చెక్కలు వెయ్యవచ్చా? ఇంట్లో పాత మంచం ఉంటే దాని చెక్కలు పనికొస్తాయా? ఆ మంచం ఎవరిదైనా ఫరవాలేదా?

నీ చెల్లి.

*

రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.

చెల్లికి,

షాపుకి వచ్చే ఆవిడకి నా నమస్కారాలు. ట్రాక్టరు దిగిన దారినే వెనక్కి లాగాలని చెప్పు. చక్రం తిప్పే కొద్దీ ఇంకా దిగుతుందనీ చెప్పు. నా మంచం చెక్కలు వాడితే, తుంటి అతికిన రోజున నేనే వచ్చి ఆవిడ తుంటి సంగతి చూస్తానని కూడా చెప్పు.

నీ ఉత్తరం చదివి ఒక పూటంతా నిన్ను తిట్టుకున్నాను. నాన్న పరీక్ష తప్పడమేమిటి, ఇది మడమ పెట్టకుండానే పెట్టానని రాసి ఉంటుంది అనుకున్నాను. తర్వాత పూల బూట్లు గుర్తొచ్చాయి. వాటిలో ఉన్న కాళ్లు గుర్తొచ్చాయి. ఆ కాళ్ల మీద ఉన్న మనిషి గుర్తొచ్చింది.

నాన్న ఎంత మనిషే! కుర్చీలో కూర్చునే ముందు కుర్చీకే భయం వేసేది. ఒళ్లు నాకూ ఆయనదే వచ్చింది. మేం మడమ మోపితే నేల లోపల ఏముందో కక్కేసేది. నువ్వు చీపురుపుల్లవి. నువ్వు తిరిగితే పైన ఆరిన పొర కూడా చెదరదు, దాని కింద బురద హాయిగా నిద్రపోతుంది. ట్రాక్టరు నీలా కాదు కదా, దాన్ని లేపింది.

నాకు తట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ నువ్వు దర్జీవి. మీటరు టేపు మెడలో వేసుకుని ఇన్నేళ్లు బతికావు. నాన్న చొక్కా కొలతతో నీకు జాకెట్టు కుట్టుకుంటావా? మరి నాన్న మడమ కొలతతో చేనులోకి ఎలా దిగావు?

ఎంత మేర చల్లావో, ట్రాక్టరు ఎవరు లాగారో, ఆ తర్వాత వాన పడిందో లేదో రాయి. ఈసారి ఏ ఆవిడనీ మధ్యకి తేకు.

అక్క.

*

చేను పక్క ఇల్లు,
మళ్లీ వాన.

అక్కకి,

అడిగినవన్నీ వరసగా చెప్తాను. చల్లింది దిగువ గట్టు వెంబడి ఒక్క చాలు, మలుపు దాకా. ఆ సాయంత్రమే కుండపోత. ఎరువంతా కాలవలోకి పోయింది. కాలవ ఒడ్డున గడ్డి చూడాలి నువ్వు, పెళ్లికొడుకులా ఉంది. అంత పుష్టిగా పెరిగిన గడ్డి మన వంశంలో లేదు. నీ మంచం క్షేమం, చెక్కలు నాలుగు మాత్రం బురద రంగులో ఉన్నాయి.

ట్రాక్టరు లాగింది పెద్దాయన. తన ట్రాక్టరు తెచ్చి, గొలుసు తగిలించి వెనక్కి లాగాడు. నాకు నిజంగా కృతజ్ఞతగా అనిపించింది. టీ పెట్టి ఇచ్చాను. తాగుతూ చాలా మెత్తగా అన్నాడు, 'ఈ గాడి పడిన చోటు నేను చదును చేసుకుంటానులేమ్మా. వచ్చే పంట నుంచి ఎలాగూ నాకే కౌలుకిస్తోందిగా మీ అక్క.'

నాకు తెలియదని ఆయనకి తెలియదు. పాపం, నా ముఖం చూసి టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

అయితే నేను ఇక్కడ బకెట్టుతో, పిల్లితో, పూల బూట్లతో చేస్తున్నది ఏమిటక్కా? బేరం కుదిరేదాకా సరుకుకి కాపలానా? ఆ మాట ముందే చెప్తే కుట్టుమిషను తెచ్చుకుని వరండాలో కూర్చుని నాలుగు ప్యాంట్లు కుట్టుకునేదాన్ని. నీ కాలు బ్రహ్మాండంగా ఉందన్నావు. బ్రహ్మాండంగా ఉన్నవాళ్లు చేను కౌలుకి ఇవ్వరు.

చెప్పకూడదనుకున్నాను గానీ కోపంలో ఉన్నాను కాబట్టి చెప్పేస్తున్నాను. నాకు ఈ చేను కావాలి. మొదటి వారం ఇది నాకు శిక్ష. ఇప్పుడు పొద్దున్నే లేవగానే ముఖం కడుక్కోకముందే పైరు చూస్తున్నాను. పసుపు తిరిగిన ఆకు కనిపిస్తే చేతిలో పని వదిలేసి చేలోకి పరిగెడుతున్నాను. షాపులో ఎవరి చొక్కా పాడైనా నేను ఇలా పరిగెత్తలేదు.

కోపంగా,
నీ చెల్లి.

*

రెండో అంతస్తు,
అదే మంచం.

చెల్లికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి, చివరికి వ్యాయామం అమ్మాయి మీద అరిచాను. చప్పట్లు ఆపమన్నాను.

కాలు బ్రహ్మాండంగా లేదు. నున్నటి నేల మీద నడుస్తాను, దున్నిన నేల మీద ఇక నడవలేను. డాక్టరు ఆ మాట ఎంత నవ్వుతూ చెప్పాడంటే, నాకేదో బహుమతి ఇస్తున్నాడనుకున్నాను. ఆ రోజే పెద్దాయన పలకరించడానికి వచ్చాడు. కౌలుకి సగం మాట ఇచ్చాను. పైరు కణుపు కట్టాక చేను చూసుకుని వస్తాను, అప్పుడు మిగతా సగం చెప్పండి అన్నాడు.

నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వు ఉంటావనుకోలేదు. నువ్వు సంగీతం మొదలుపెట్టి స్వరాల దగ్గర ఆపేశావు. ఈత నేర్చుకుంటానని వెళ్లి మోకాళ్ల లోతులో నిలబడి వచ్చావు. మొదటి ముసురుకే బస్సెక్కేస్తావని ఇక్కడి పక్క మంచం ఆవిడతో పందెం కూడా కట్టాను. ఓడిపోయాను. ఆవిడ ఇప్పుడు నా కిటికీ పక్క చోటు అడుగుతోంది.

సరే, విను. పెద్దాయన చేను చూడటానికి వచ్చే రోజున పైరు పసుపుగా ఉంటే చేను ఆయనది. నీ మీద కోపంతో కాదు. చచ్చిన పిలకల చేను నీ చేతిలో పెడితే మరుసటి ఏడు అప్పుల తాడు నీ మెడకి వేసినదాన్నవుతాను. పైరు నిలబడితే చేను నీది, నాకు దాని గురించి ఉత్తరాలు రాస్తే చాలు.

ఎప్పుడు చల్లాలో ఇక నన్ను అడగొద్దు. ఇక్కడి కిటికీలోంచి నాకు కనిపించేది ఎదురింటి వాళ్ల ఆరేసిన దుప్పట్లు. వాటిని చూసి నేను నీ నేల తడి చెప్పలేను. చెప్పగలిగినా చెప్పను. నేను చెప్పి పండితే అది మళ్లీ నా పంటే అవుతుంది.

ఎప్పుడని ఒక్క మాట కూడా చెప్పకుండా ఇంత ఉత్తరం రాశాను చూడు, ఎంత ఎదిగానో.

అక్క.

*

చేను పక్క ఇల్లు,
గాలి తిరిగిన రోజు.

అక్కకి,

చాలా రోజులు రాయలేదు. చెప్పనన్నావు, అడగొద్దన్నావు, మరి రాయడానికి ఏముంటుంది, పిల్లి ఆరోగ్యం తప్ప. పిల్లి బాగుంది.

వాన ఆగింది. పొడిగాలి పట్టింది. పైన నేల తెల్లబడగానే పెద్దాయన మళ్లీ యూరియా మిషను బయటికి తీశాడు. మళ్లీ ఎందుకంటావేమో, ఆయన మొదట చల్లిందంతా ఆ కుండపోతకి కొట్టుకుపోయింది. ఆయన పైరు కూడా మన పైరు రంగుకే వచ్చింది. గట్టు మీద నిట్టూర్పులు తగ్గాయి. ఈసారి నిట్టూర్చే వంతు నాదే గానీ, ట్రాక్టరు లాగినవాడు కదా అని ఊరుకున్నాను.

నాకూ బస్తాలు ఎక్కించాలని చెయ్యి లాగింది. పూల బూటుతో తిరిగి చూస్తే ఎప్పటిలాగే పాసు. అప్పుడు నువ్వు తిట్టిన తిట్టు గుర్తొచ్చింది, కొలత మనిషిది అని. కొట్టంలో బస్తాల తూకం ఉంది కదా. నాన్న ప్రతి కోతకీ దాని మీదికెక్కి, పంట ఎక్కువ పెరిగిందా నేనా అని గోడ మీద సుద్దతో గీత గీసి పక్కన తూకం రాసుకునేవాడు. ఆఖరి గీత ఇంకా ఉంది. నేను తూకం మీద నిలబడి, కాళ్ల దగ్గర సంచీ పెట్టుకుని, ముల్లు ఆ గీత చెప్పిన చోటికి వచ్చేదాకా యూరియా పోసుకున్నాను. ఎంత పోసినా నాన్న రాడే! సంచీ నిండింది, అప్పుడొచ్చాడు.

దాన్ని పాత దుప్పటితో వీపుకి కట్టుకుని చేలోకి దిగాను. అడుగు తీసి అడుగు వెయ్యడం నా వల్ల కాలేదు. నడిమధ్యకి వెళ్లి మడమ మీద తిరిగాను, పడ్డాను, లేచి మళ్లీ తిరిగాను. గుంటలో నీళ్లు బుడబుడా ఊరాయి. పక్క చేలో పెద్దాయన మిషను ఆపి మరీ నన్ను చూశాడు. నేను ఇంటికొచ్చి టీ తాగాను.

ఆయన ఆ రోజే, లోపలి తడి మీదే చల్లేశాడు. నేను చల్లలేదు. రోజూ నాన్నని వీపున కట్టుకుని వెళ్లి, తిరిగి, చూసి, వస్తున్నాను. ఏడుపొచ్చిందక్కా, బరువుకి కాదు. చిన్నప్పుడు బురదలో ఆయన నన్ను ఎత్తుకుని నడిచాడు. ఆయనకి నేను ఇంత బరువుగా ఉండి ఉండను.

చివరికి ఒక పొద్దున గుంటలో నీళ్లు ఊరలేదు. వేలు పెడితే చల్లగా తగిలింది, అంతే. ఆ పూటే ట్రాక్టరు దించాను. మలుపు దగ్గర కళ్లు మూసుకున్నాను, నువ్వు తిట్టకు, ఒక్క క్షణమే. దిగబడలేదు. అంతా ఒక్కసారి పోయకుండా సగమే చల్లాను. మిగతా సగం కణుపు కట్టే వేళకి దాచాను, మళ్లీ వాన వస్తే సగమే పోతుందని. రెండు రోజులకి సన్నటి జల్లు పడింది, ఎరువు కరిగేంత, కాలవ పారనంత.

ఈ ఉత్తరం ఇక్కడ ఆపి సొరుగులో పెట్టాను. గొప్పలు చెప్పుకోవడానికి ఇంకా తొందర అనిపించింది. ఇప్పుడు మళ్లీ తీసి రాస్తున్నాను. కొత్త ఆకు ముదురు ఆకుపచ్చగా వచ్చింది. పిలకలు కొన్ని పోయాయి, చాలా నిలబడ్డాయి. దిగువ చాలు, ట్రాక్టరు దిగబడిన చోట, ఏమీ లేదు. అది నా గురుదక్షిణ.

కవర్లో ఒక మొక్క పెడుతున్నాను. మొదలు దగ్గర గోటితో తడిమి చూడు. అడగొద్దన్నావు కాబట్టి అడగడం లేదు, చూపిస్తున్నాను.

నీ చెల్లి.

*

రెండో అంతస్తు,
గోడ పక్క మంచం. (కిటికీ ఆవిడ తీసేసుకుంది.)

చెల్లికి,

నీ ఉత్తరం కంటే ముందు పెద్దాయన వచ్చాడు. చేను చూసి నేరుగా ఇక్కడికే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, చాలా బాధగా, మీ చెల్లెలు రోజూ వీపుకి మూట కట్టుకుని చేలో గిరగిరా తిరుగుతోందమ్మా, కాస్త ఎవరికైనా చూపించండి అన్నాడు. చూపిస్తానన్నాను. పైరు ఎలా ఉందని అడిగాను. నా దానికంటే బాగుందన్నాడు. అబద్ధం చెప్పే అవకాశం ఉండి కూడా చెప్పలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

మిగతా సగం మాట ఏమిటని అడిగాడు. చేను ఖాళీగా లేదన్నాను.

ఆయన వెళ్లాక నీ కవరు వచ్చింది. మొక్క నలిగిపోయింది గానీ వేళ్లు తెల్లగా ఉన్నాయి. మొదలు దగ్గర గోరు పెట్టి పైకి జరిపాను. కణుపు తగిలింది. కంది గింజంత, గట్టిగా. ఏడ్చేశాను. వ్యాయామం అమ్మాయి తుంటి నొప్పి అనుకుని మాత్ర ఇచ్చింది, కాదని చెప్పడం ఎందుకని వేసుకున్నాను. కాబట్టి నా అక్షరాలు వంకరగా ఉంటే మాత్ర మహిమ అనుకో. మిగతా సగం ఎరువు ఎప్పుడని నేను చెప్పను. నీకు తెలుసు.

పార్సిల్లో నాన్న గంబూట్లు పంపుతున్నాను. పిల్లి తియ్యలేదు, నేనే తెచ్చుకున్నాను. ఆసుపత్రికి వచ్చే రోజున బట్టల సంచీ అడుగున పెట్టించుకున్నాను. తిరిగి నడుస్తానని అనుకున్నాను కదా. ఇన్నాళ్లూ ఈ మంచం కిందే ఉన్నాయి. తుడిచే ఆవిడ రోజూ వాటిని జరిపి, ఎవరివమ్మా ఇవి అనేది. నావే అనేదాన్ని.

ఇప్పుడు నీవి. నీ కాలికి చాలా పెద్దవి, ముందు వైపు పాత గుడ్డలు కుక్కుకో, నీ దగ్గర ముక్కలకి కొదవేముంది. నీ కొలత ఆ పూల బూట్ల మీద కుదిరింది కాబట్టి వీటితో మడమ పరీక్ష చెయ్యకు, లెక్క మళ్లీ తప్పుతుంది. పరీక్షకి నీ పూల బూట్లే వేసుకో, మూట కట్టుకో, పడు, లే.

ఇవి ఊరికే వేసుకుని చేలో నడువు.

అక్క.